ఏ మచ్చ నుంచి తీసిన ముక్క? ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో సీటీ బొమ్మనూ జన్యు ఫలితాన్నీ జోడించిన ఒక కేసు

చెన్నైలో ఒక క్యాన్సర్ విభాగంలో ఛాతీ స్కాన్లు చదవడం నా పని. సీటీ బొమ్మలనూ కణితి జన్యు ఫలితాలనూ ఒకచోట చేర్చే పరిశోధన రిజిస్ట్రీ కూడా మా విభాగంలో నడుస్తోంది. ఈ కేసులో ముందు వైద్యం దారి మారింది, ఆ తర్వాత రిజిస్ట్రీ తీరే మారింది. రోగి అనుమతి తీసుకుని రాస్తున్నాను. వయసు, ఊరు, తేదీలు, కొన్ని కొలతలు మార్చాను. నిర్ణయాల వెనక ఉన్న ఆలోచనను మాత్రం ఉన్నదున్నట్టే రాశాను.

నేపథ్యం

యాభై దాటిన రైతు కుటుంబపు స్త్రీ. ఊరు ఆంధ్రలో, తమిళనాడు సరిహద్దు దగ్గర. బీడీ, చుట్ట ఎన్నడూ ముట్టలేదు. పెళ్లయిన నాటి నుంచి చాలా ఏళ్లు కట్టెల పొయ్యి మీదే వంట చేసింది. కూతురు చెన్నైలో ఉద్యోగం చేస్తోంది కాబట్టి ఇక్కడికి తీసుకొచ్చింది.

"అమ్మకి టీబీ మాత్రలు వాడతా ఉండాం సార్. దగ్గు తగ్గలే. మనిషి సగమైపోయింది," అంది కూతురు.

ఊళ్లో తీసిన ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో నీడ కనబడింది. తెమడ పరీక్షలో క్రిములు కనబడలేదు, టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షలోనూ రాలేదు. అయినా లక్షణాలను బట్టి టీబీ మందులు మొదలుపెట్టారు. టీబీ తరచుగా కూర్చునే చోటు అదే. మన దేశంలో పై లోబ్‌లో నీడ, దగ్గు, బరువు తగ్గడం కలిసి కనిపిస్తే ఏ వైద్యుడైనా ముందు టీబీనే అనుమానిస్తాడు. కాకపోతే క్రిమి దొరకని టీబీకి మందులు వాడుతున్నప్పుడు, రెండు నెలలకు నీడ తగ్గకపోతే సీటీ తీయించాలి. ఇక్కడ ఆ సీటీ ఆలస్యంగా జరిగింది.

మా దగ్గరికి వచ్చేసరికి ఉన్న సమస్య

సీటీలో రెండు మచ్చలు కనబడ్డాయి. కుడి పై లోబ్‌లో 3.3 సెంటీమీటర్ల గట్టి గడ్డ, అంచులు ముళ్లు ముళ్లుగా, పక్కనున్న పొరను లోపలికి లాగుతూ ఉంది. ఎడమ కింది లోబ్ పైసెగ్మెంట్‌లో (లోబ్‌లోని ఒక చిన్న భాగంలో) 1.6 సెంటీమీటర్ల మచ్చ. అందులో ఎక్కువ భాగం పొగమంచులా కనిపించే గ్రౌండ్ గ్లాస్, నడుమ 6 మిల్లీమీటర్ల గట్టి భాగం. చురుగ్గా ఉన్న కణాలను వెలిగేలా చూపే పెట్-సీటీలో కుడి గడ్డ బాగా వెలిగింది, ఎడమది లేతగా కనబడింది. ఛాతీ మధ్యలో రెండు వైపులా లింఫ్ గ్రంథులు కూడా వెలిగాయి. మెదడు ఎంఆర్‌ఐలో ఏమీ లేదు.

కుడి గడ్డ నుంచి ముక్క తీస్తే ఎడినోకార్సినోమా, అంటే గ్రంథి కణాల నుంచి పుట్టే రకం క్యాన్సర్ అని తేలింది. జన్యు పరీక్షలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో ఎల్858ఆర్ అనే మార్పు వచ్చింది. అది ఆశ్చర్యమేమీ కాదు. ఈజీఎఫ్ఆర్ మార్పులకూ వాటి మీద పనిచేసే మాత్రలకూ ఉన్న సంబంధం 2004లో బయటపడింది. అప్పటి నుంచి చూస్తున్న లెక్కల్లో, మన దేశపు ఊపిరితిత్తుల ఎడినోకార్సినోమా రోగుల్లో సుమారు పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఈ మార్పు ఉంటోంది. పొగతాగని ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ.

అసలు చిక్కు దశ దగ్గర వచ్చింది. క్యాన్సర్ దశను కట్టే టీఎన్ఎం నియమాల ప్రకారం క్యాన్సర్ అవతలి ఊపిరితిత్తిలోకి పాకితే అది ఎం1ఏ, అంటే నాలుగో దశ. అదే, రెండూ విడివిడిగా పుట్టిన క్యాన్సర్లయితే దేని దశ దానికి విడిగా కట్టాలి. అప్పుడు, గ్రంథుల్లో జబ్బు లేకపోతే, రెండూ ఒకటో దశలోకే వస్తాయి. స్కాన్లో మచ్చలు అవే, కొలతలు అవే. ఒక లెక్కలో జీవితాంతం మాత్రలు, ఇంకో లెక్కలో నయం చేయాలనే ఉద్దేశంతో ఆపరేషన్.

అన్ని విభాగాల వైద్యులూ కూర్చుని కేసు చర్చించే ట్యూమర్ బోర్డులో మెడికల్ ఆంకాలజిస్టు వేసిన ప్రశ్న న్యాయమైనది. "ఎడమది కూడా క్యాన్సరే అనుకుందాం. ఈజీఎఫ్ఆర్ మాత్ర ఒసిమెర్టినిబ్ రెండింటి మీదా పనిచేస్తుంది. ఇంత చిక్కిపోయిన మనిషికి రెండు ఆపరేషన్లు ఎందుకు?" దానికి జవాబు మాత్ర ఎంతకాలం పనిచేస్తుందన్న దానిలో ఉంది. ముదిరిన దశ రోగుల్లో జరిగిన ఫ్లారా ట్రయల్‌లో ఒసిమెర్టినిబ్ మీద ఉన్న సగం మందిలో 18.9 నెలలకు జబ్బు మళ్లీ పెరిగింది. అది మంచి మందే, ఎందరికో ఏళ్లు ఇచ్చింది. కానీ నాలుగో దశలో అది జబ్బును అణిచిపెడుతుంది, తుడిచెయ్యదు. ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం నిజంగా ఉంటే, ఆ ప్రశ్నను తేల్చకుండా మాత్రతో మొదలుపెట్టడం సరికాదని నేనూ మా సర్జనూ గట్టిగా చెప్పాం. ఇంకొక కారణం కూడా ఉంది. మాత్ర మొదలుపెట్టాక రెండు మచ్చలూ కుంచించుకుపోతే తర్వాత ముక్క తీయడానికి గట్టి భాగం మిగలదు. ప్రశ్న ఇక శాశ్వతంగా మూసుకుపోతుంది. బోర్డు కొంత గడువు ఇచ్చింది.

పాత ఫిల్మ్

ఎడమ మచ్చ రూపం చూస్తే పాకి వచ్చినదానిలా అనిపించలేదు. ఇంకో చోటి నుంచి రక్తంలో వచ్చి పడ్డ మచ్చలు సాధారణంగా గుండ్రంగా, గట్టిగా, నున్నటి అంచులతో ఉంటాయి. గ్రౌండ్ గ్లాస్ నడుమ గట్టి భాగం ఉంటే, కణాలు గాలి గదుల గోడల వెంట పాకుతూ అక్కడే పుట్టిన ఎడినోకార్సినోమా అయ్యే అవకాశం ఎక్కువ. కానీ "అనిపించడం" మీద ఒకరి ఛాతీ తెరవలేం.

ఇంతకుముందు ఎప్పుడైనా ఛాతీ స్కాన్ తీయించారా అని అడిగాను. కూతురు గుర్తు తెచ్చుకుంది. 2021లో కోవిడ్ రెండో అలప్పుడు తీయించారట, ఫిల్మ్ ఇంట్లోనే బీరువాలో ఉందట. ఊరి నుంచి తెప్పించింది. సీడీ తెరుచుకోలేదు గానీ ఫిల్మ్ బాగానే ఉంది. ఎడమ కింది లోబ్‌లో, సరిగ్గా అదే చోట, చిన్న గ్రౌండ్ గ్లాస్ మచ్చ. అప్పటి రిపోర్టులో దాన్నీ కోవిడ్ మచ్చల్లోనే కలిపేశారు. ఆ రోజుల్లో అలా కలపడం సహజం. కుడి పై లోబ్ మాత్రం ఆ ఫిల్మ్‌లో శుభ్రంగా ఉంది.

కోవిడ్ మచ్చ నెలల్లో కరిగిపోవాలి. ఏళ్ల తర్వాత అక్కడే ఉండి, పెద్దదై, నడుమ గట్టిపడిందంటే అది కోవిడ్ కాదు. పైగా కుడి గడ్డ పుట్టక ముందే ఎడమది ఉంది. లేని కుడి గడ్డ నుంచి ఎడమది పాకి రావడం జరగదు. 2021 అలల్లో ఇంటింటికీ తీసిన సీటీలు ఈ విధంగా ఇంకా ఎందరికో పనికొస్తాయని నా నమ్మకం. ఛాతీ స్కాన్‌కు వచ్చిన ప్రతి ఒక్కరినీ ఇప్పుడు "కోవిడ్ అప్పటి ఫిల్మ్ ఉందా" అని అడుగుతున్నాం.

అయినా ఒక సందు మిగిలింది. పాతది ఎడమది కాబట్టి, ఎడమదే మూలం, కుడిది దాని పిలక కావచ్చు కదా? గట్టి భాగం అంత చిన్నగా ఉన్న మచ్చ దూరంగా పాకడం అరుదు. అరుదన్న మాటకు అసాధ్యమని అర్థం కాదు. బొమ్మ కాలక్రమం చెప్పింది, వంశం చెప్పలేకపోయింది. దానికి జన్యువే కావాలి.

పనికిరాని దారులు

మొదట పరిశోధన వాళ్లు మా రేడియోమిక్స్ మోడల్‌ను రెండు మచ్చల మీదా నడిపారు. మచ్చ ఆకారం, గరుకుదనం, చీకటి వెలుగుల పంపకం వంటి వందల కొలతలను బొమ్మ నుంచి తీసి, వాటి నుంచి జన్యు మార్పును ఊహించే పద్ధతి ఇది. 2014లో వెయ్యిమందికి పైగా రోగుల సీటీల మీద 440 కొలతలతో వచ్చిన అధ్యయనం తర్వాత ఈ రంగం ఊపందుకుంది. మా మోడల్ మొదట నేర్చుకున్నది అమెరికాలో బహిరంగంగా ఉంచిన 211 మంది రోగుల సమాచారంతో. స్టాన్‌ఫర్డ్, పాలో ఆల్టో మాజీ సైనికుల ఆసుపత్రి నుంచి వచ్చిన ఆ సేకరణలో సీటీ, పెట్, జన్యు ఫలితాలు కలిసి ఉంటాయి. గొప్ప సేకరణే. కానీ అందులో ఎక్కువమంది పొగతాగిన మగవాళ్లు. కట్టెల పొయ్యి పొగ తప్ప వేరే పొగ ఎరగని మా రోగి లాంటివాళ్లు తక్కువ.

మోడల్ రెండు మచ్చలకూ ఈజీఎఫ్ఆర్ మార్పు ఉండే అవకాశం ఎక్కువని చెప్పింది. తర్వాత చూస్తే అది తప్పు కూడా కాదు. కానీ మా ప్రశ్న మార్పు ఉందా అన్నది కాదు. రెండింటిలో ఉన్నది ఒకే మార్పా అన్నది. ఆ ప్రశ్నను మోడల్‌కు ఎవరూ నేర్పలేదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బయట తీసిన స్కాన్ 5 మిల్లీమీటర్ల మందం, మాది 1 మిల్లీమీటర్. బొమ్మను కట్టే లెక్క పద్ధతి, అంటే కెర్నెల్ కూడా వేరు. రెండింటి మీదా నడిపితే ఎడమ మచ్చ స్కోరు బాగా మారిపోయింది. మచ్చ మారలేదు, యంత్రం మారింది.

రెండోది రక్తంలో కణితి డీఎన్ఏ పరీక్ష. ఏమీ దొరకలేదు. చిన్న గడ్డలు రక్తంలోకి డీఎన్ఏను అంతగా వదలవు కాబట్టి ఆ ఫలితానికి విలువ లేదు. ఒకవేళ ఎల్858ఆర్ దొరికి ఉన్నా అది ఏ వైపు నుంచి వచ్చిందో రక్తం చెప్పదు.

మూడోది ఎడమ మచ్చ మీద మొదటి బయాప్సీ. ఊపిరితో పాటు కదిలే చోటు, సూది గ్రౌండ్ గ్లాస్ భాగంలోకి వెళ్లింది. రక్తం, మామూలు కణజాలం, కొద్దిపాటి అనుమానపు కణాలు వచ్చాయి. జన్యు పరీక్షకు డీఎన్ఏ చాలలేదు. పక్కన కాస్త గాలి చేరింది గానీ దానంతట అదే తగ్గింది.

ఛాతీ మధ్య గ్రంథులకు మాత్రం త్వరగా సమాధానం దొరికింది. గాలిగొట్టం లోపలి నుంచి చూసే ఎండోబ్రాంకియల్ అల్ట్రాసౌండ్‌తో సూది వేసి తీస్తే గ్రాన్యులోమాలు (టీబీ వంటి జబ్బుల్లో కనిపించే వాపు కణాల ముద్దలు) తప్ప క్యాన్సర్ కణాలు లేవు. మన దేశంలో పెట్‌లో వెలిగిన గ్రంథిని సూది వేయకుండా క్యాన్సర్ అనకూడదు. ఊళ్లో డాక్టరు టీబీ అనుమానానికి ఆధారం లేకపోలేదని కూడా ఇది చూపించింది. ఆ మందుల కోర్సు సంగతి పల్మనాలజిస్టు చూసుకున్నారు.

దారి చూపినది

ఎడమ మచ్చను మళ్లీ గుచ్చాలా, నేరుగా ఆపరేషన్‌తో తీసి చూడాలా అని చర్చ వచ్చింది. నేరుగా తీస్తే, ఒకవేళ అది పాకినదే అయితే, ఆమె ఒక ఆపరేషన్‌ను అనవసరంగా భరించినట్టవుతుంది. అందుకే ఇంకోసారి గుచ్చడానికే మొగ్గాం. ఈసారి సన్నని ముక్కల సీటీ మీద గట్టి భాగం ఎక్కడుందో ముందే గీసుకున్నాం. అది వెనక గోడ వైపు ఉంది. బోర్లా పడుకోబెట్టి, బయటి సూదిని ఒకసారి నిలిపి దాని గుండా ముక్కలు తీశాం. సూది మొన గట్టి భాగంలో ఉన్న క్షణం బొమ్మను భద్రపరిచాం.

పాథాలజీలో కూడా జాగ్రత్త పడ్డారు. పారాఫిన్ బ్లాక్‌ను ఒకసారి కోసినప్పుడే జన్యు పరీక్షకు కావలసిన పొరలన్నీ తీసి పక్కన పెట్టారు. రంగు పరీక్షలకు అతి తక్కువ వాడారు. చిన్న బయాప్సీని ఒక్కో పరీక్షకు ఒక్కోసారి మళ్లీ మళ్లీ కోస్తే చివరికి జన్యువుకు మిగిలేది దుమ్మే.

ఎడమ మచ్చలో ఈజీఎఫ్ఆర్‌లోనే ఇంకో రకం మార్పు, ఎక్సాన్ 19 డిలీషన్ వచ్చింది. ఎల్858ఆర్ లేదు. కుడి గడ్డలో ఎల్858ఆర్‌తో పాటు ఉన్న, టీపీ53 అనే ఇంకో జన్యువు మార్పు కూడా ఇందులో లేదు. మైక్రోస్కోపు కింద కుడిది గ్రంథుల రూపంలో, కొంత గట్టి ముద్దలా ఉంది. ఎడమది గాలి గదుల గోడల వెంట పాకే రకం.

ఈ ఫలితాన్ని ఎంత నమ్మాలన్నది బోర్డులో వివరంగా మాట్లాడుకున్నాం. మొదటి అనుమానం, ఎడమ ముక్కలో కణాలు తక్కువై ఎల్858ఆర్ దొరకలేదేమో అని. కానీ అదే ముక్కలో, అదే పరీక్షలో, ఎక్సాన్ 19 డిలీషన్ తగినన్ని డీఎన్ఏ పోగుల్లో స్పష్టంగా దొరికింది. అంటే పరీక్షకు సరిపడా క్యాన్సర్ కణాలు ఉన్నాయి, ఎల్858ఆర్ నిజంగానే లేదు. ఇంకేమీ దొరకకుండా "ఎల్858ఆర్ లేదు" అని మాత్రమే వచ్చి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ని కాదు.

రెండో అనుమానం, ఒకే క్యాన్సర్ పాకుతూ దారిలో ఆ మార్పును పోగొట్టుకుని ఉండొచ్చు కదా అని. ఇక్కడ బ్రిటన్‌లో నడుస్తున్న ట్రేసర్ఎక్స్ పరిశోధన పనికొచ్చింది. ఒకే గడ్డలో వేర్వేరు చోట్ల నుంచి ముక్కలు తీసి క్యాన్సర్ వంశవృక్షాన్ని గీసే పని అది. 2017లో వచ్చిన మొదటి వందమంది ఫలితాల్లో ఈజీఎఫ్ఆర్, టీపీ53 వంటి చోదక మార్పులు (క్యాన్సర్‌ను నడిపే మార్పులు) దాదాపు ఎప్పుడూ వృక్షం మొదట్లోనే, అన్ని కణాల్లోనూ ఉన్నాయి. మొదట్లో వచ్చిన మార్పు పిలకల్లోనూ ఉండాలి. కాబట్టి చోదక మార్పులు వేరైతే మూలాలు వేరని చెప్పడానికి గట్టి ఆధారం ఉంది.

దీనికి ఎదురు సంగతి కూడా రాయాలి, ఎందుకంటే పొరపాటు పడేది ఇక్కడే. రెండు మచ్చల్లోనూ ఎల్858ఆర్ వచ్చి ఉంటే? చాలామంది వెంటనే "ఒకటే క్యాన్సర్" అంటారు. అది బలహీనమైన వాదన. ఈజీఎఫ్ఆర్ మార్పుల్లో ఎక్సాన్ 19 డిలీషన్, ఎల్858ఆర్ రెండూ కలిపి 85 నుంచి 90 శాతం. పొగతాగని స్త్రీలో విడివిడిగా పుట్టిన రెండు క్యాన్సర్లకూ ఎల్858ఆర్ కాకతాళీయంగా రావడం వింతేమీ కాదు. దానికి తోడు అరుదైన టీపీ53 మార్పు కూడా రెండింటిలో ఒకటే అయితే, అప్పుడు ఒకే మూలమని నమ్మొచ్చు. ఒకటో రెండో జన్యువులు మాత్రమే చూసే చిన్న పరీక్ష ఈ ప్రశ్నకు చాలదు. ఎన్నో జన్యువులను ఒకేసారి చదివే ఎన్‌జీఎస్ ప్యానెల్ కావాలని మేము పట్టుబట్టింది ఇందుకే.

బొమ్మ, కాలక్రమం, కణాల రూపం, జన్యువు నాలుగూ ఒకే మాట చెప్పాయి. ఇవి రెండు వేర్వేరు క్యాన్సర్లు.

ఆమెకు చెప్పినప్పుడు సేద్యం భాషలోనే చెప్పాను, ఒకే పాదు నుంచి పాకిన తీగ కాదమ్మా, విడిగా మొలిచిన రెండు విత్తనాలు అని. ఆమె వెంటనే అడిగింది, "రెండు దిక్కులా కోస్తే ఊపిరి ఆడతాదా సార్?" సరైన ప్రశ్న. ఊపిరి పరీక్షల లెక్కతో, రెండు ఆపరేషన్ల తర్వాత ఎంత సామర్థ్యం మిగులుతుందో కాగితం మీద వేసి చూపించాం.

ప్రమాదం ఎక్కువ ఉన్న కుడి వైపు ముందు చేశారు. పై లోబ్ మొత్తం తీశారు, గ్రంథుల్లో జబ్బు లేదు, దశ ఒకటి బి. కోలుకున్నాక ఎడమ వైపు ఆ ఒక్క సెగ్మెంటే తీశారు. 2 సెంటీమీటర్ల లోపు, అంచున ఉన్న గడ్డలకు సెగ్మెంట్ తీస్తే చాలని 2022లో జపాన్ ట్రయల్ చూపింది. రెండో ఊపిరితిత్తిని కాపాడుకోవాల్సిన మనిషికి అది పెద్ద ఊరట. తర్వాత ఒసిమెర్టినిబ్ మూడేళ్లు వాడే విషయం వచ్చింది. ఒకటి బి నుంచి మూడు ఏ దశల వారిలో జరిగిన అడౌరా ట్రయల్‌లో అయిదేళ్లకు 88 శాతం మంది బతికి ఉన్నారు, మాత్ర లేనివాళ్లలో 78 శాతం. ఒకటి బి వారికి లాభం మిగతావారికంటే తక్కువని, ఖర్చు ఎంతవుతుందో కూడా దాచకుండా చెప్పాం. కుటుంబం ఆలోచించుకుని మొదలుపెట్టింది.

కూతురు విడిగా వచ్చి, "నాకూ వస్తాదా సార్?" అని అడిగింది. రెండు మూలాలు ఉన్నప్పుడు ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. ఈజీఎఫ్ఆర్‌లో టీ790ఎం అనే మార్పు అరుదుగా పుట్టుకతో వంశంలో నడుస్తుంది. తల్లి రక్తంలోని తెల్ల కణాల్లో చూశాం, లేదు. కణితిలో దొరికిన రెండు మార్పులూ గడ్డల్లో పుట్టినవే, కడుపున పుట్టినవారికి దిగేవి కావు.

రిజిస్ట్రీలో మారినవి

ఈ కేసు మా రిజిస్ట్రీలోకి మామూలు పద్ధతిలో వెళ్లి ఉంటే ఇలా ఉండేది: రోగి ఒకరు, వరుస ఒకటి, జన్యు ఫలితం ఎల్858ఆర్, జతచేసిన బొమ్మలో మచ్చలు రెండు. ఎడమ మచ్చ ఆకారాన్ని కూడా ఎల్858ఆర్ ఆకారంగా యంత్రం నేర్చుకునేది. ఇలాంటి జతలు కొన్ని చేరినా మోడల్ తప్పు నేర్చుకుంటుంది, పైకి స్కోరు బాగానే కనిపిస్తుంది. ఈ రంగంలో అల్గారిదమ్ గురించి జరిగే చర్చలో పదో వంతైనా ఈ జత గురించి జరగాలని నేను కోరుకుంటాను.

అందుకే వరుసను రోగికి కాకుండా మచ్చకు కట్టాం. ప్రతి మచ్చకు ఒక నంబరు, బొమ్మ మీద దాని హద్దు గీత, తేదీ. బయాప్సీ ముక్క డబ్బా మీద ఇంతకుముందు "ఊపిరితిత్తి" అని మాత్రమే ఉండేది. ఇప్పుడు వైపు, లోబ్, మచ్చ నంబరు రాస్తారు. సూది గడ్డలో ఉన్న బొమ్మను ల్యాబ్‌కు పంపే కాగితానికి జతచేస్తారు. జన్యు ఫలితం ఏ మచ్చదో రుజువు చేసేది ఆ ఒక్క బొమ్మే.

గోప్యత విషయంలో కూడా ఈ కేసు పని పెంచింది. స్కాన్ బొమ్మలు దాచే డైకామ్ ఫైల్లో పేరు చెరిపేస్తే చాలనుకుంటాం, కానీ పాత ఫిల్మ్‌ను స్కాన్ చేస్తే పేరు బొమ్మలోనే అచ్చయి ఉంటుంది. దాన్ని చేత్తో కప్పాలి. జన్యు సమాచారం పేరు లేకపోయినా మనిషిని పట్టిచ్చేదే. అందుకే బొమ్మల కోడ్‌కూ జన్యు కోడ్‌కూ మధ్య తాళంచెవి పట్టికను పరిశోధకుల చేతికి ఇవ్వకుండా వేరేగా ఉంచాం. అనుమతి పత్రం మా దగ్గర తమిళంలో, ఇంగ్లీషులో ఉండేది. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి రోజూ వచ్చే రోగులకు చదవలేని కాగితం మీద సంతకం పెట్టించి దాన్ని అనుమతి అనలేం. తెలుగు పత్రం రాయించి ఎథిక్స్ కమిటీ ఆమోదం తీసుకున్నాం. పుట్టుకతో వచ్చే మార్పు ఏదైనా బయటపడితే చెప్పమంటారా వద్దా అన్న ప్రశ్నను అందులో విడిగా పెట్టాం. ఆమె రెండోసారి చదివి, చెప్పమని గుర్తు పెట్టింది.

ఇప్పుడు ఆమెకు దగ్గు లేదు, బరువు కొంత తిరిగి వచ్చింది. తాజా స్కాన్‌లో కుడి కింది లోబ్‌లో 5 మిల్లీమీటర్ల గ్రౌండ్ గ్లాస్ చుక్క ఒకటి అలాగే ఉంది, మొదటి సీటీలోనూ ఉన్నదే. పెరగలేదు కాబట్టి గుచ్చాల్సిన అవసరం లేదు. మాత్ర వల్ల పెరగకుండా ఆగి ఉండొచ్చు కూడా, కాబట్టి మూడేళ్ల తర్వాత మాత్ర ఆపాక దాన్ని ఇంకా దగ్గరగా చూడాలి. ప్రతిసారీ అదే యంత్రం, 1 మిల్లీమీటర్ మందం, అదే కెర్నెల్ అని స్కాన్ చీటీ మీద ముందే రాసి పెట్టాం. రిజిస్ట్రీలో దానికి మూడో నంబరు ఇచ్చాం. జన్యు ఫలితం గడిలో మిగతా రెండింటి నుంచి ఏదీ ఎత్తి రాయకుండా "పరీక్షించలేదు" అని ఉంచాం.